స్పోర్ట్స్ కారు జారితే ఆపేదెవరు? ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ ఎలా పనిచేస్తాయంటే..

2013 నవంబర్ 30. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాంటా క్లారిటా పట్టణం. ఒక పోర్షే కరెరా జీటీ కారు అదుపు తప్పి దీపస్తంభాన్ని, చెట్లను ఢీకొట్టి మంటల్లో చిక్కుకుంది. కారు నడుపుతున్న వ్యక్తితో పాటు పక్క సీట్లో ఉన్న 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' సినిమాల హీరో పాల్ వాకర్ కూడా చనిపోయారు. ఆయన వయసు అప్పటికి 40 ఏళ్లు.

గంటకు సుమారు 72 కిలోమీటర్ల వేగ పరిమితి ఉన్న ఆ రోడ్డు మీద కారు 130 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వెళ్లిందని దర్యాప్తు అధికారులు తేల్చారు. టైర్లు తొమ్మిదేళ్ల నాటివని కూడా చెప్పారు. కారులో యాంత్రిక లోపం ఏదీ వాళ్లకు కనిపించలేదు.

ఈ ప్రమాదం తర్వాత ఇంకో విషయం మీద బాగా చర్చ జరిగింది. 600కు పైగా హార్స్ పవర్ ఉన్న ఆ కారులో ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, కానీ స్టెబిలిటీ కంట్రోల్ లేదు. ఆ మోడల్‌కు కంపెనీ అసలు దాన్ని ఇవ్వలేదు. అది ఉండి ఉంటే ఆ వేగంలో ఇద్దరూ బతికేవారా అంటే ఎవరూ గ్యారంటీగా చెప్పలేరు. అయితే చాలామంది ఈ రెండూ ఒకటేనని అనుకుంటుంటారు. షోరూంలో సేల్స్ కుర్రాడు కూడా రెండింటినీ కలిపి ఒకే గుక్కలో చెప్పేస్తాడు. నిజానికి రెండూ వేరు, రెండింటి పనీ వేరు. ఆ తేడా ఏంటో, ఇవి ఎక్కడ కాపాడతాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో చూద్దాం.

అంతా అరచేయి అంత రబ్బరు మీదే

కారు ఎంత ఖరీదైనదైనా సరే, రోడ్డును తాకేది నాలుగు టైర్లే. ఒక్కో టైరు కింద రోడ్డుకు ఆనుకుని ఉండే భాగం దాదాపు ఒక మనిషి అరచేయి అంత. స్పోర్ట్స్ కారు టైర్లు వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు, అంతే. వేగం పెరగాలన్నా, బ్రేకు పడాలన్నా, కారు మలుపు తిరగాలన్నా ఆ కాస్త రబ్బరు పట్టు మీదే ఆధారపడాలి.

ఈ పట్టు నెల జీతం లాంటిది. ఉన్నదంతా ఇంటి అద్దెకే పోతే పచారీ సామాన్లకు మిగలదు. అలాగే టైరు తన పట్టులో ఎక్కువ భాగాన్ని బ్రేకు కోసమో, వేగం కోసమో ఖర్చు చేస్తే, మలుపు తిరగడానికి మిగిలేది తక్కువ. మలుపులో ఉండగా గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినా, ఒక్కసారిగా బ్రేకు వేసినా కారు జారేది ఇందుకే.

ఒక లెక్క చూద్దాం. 100 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు అనుకోండి. మంచి టైర్లతో, పొడి రోడ్డు మీద అందులో సిద్ధాంతపరంగా గంటకు 105 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు. అదే మలుపు వానకు తడిసి పట్టు సగానికి దగ్గరగా పడిపోతే పరిమితి 80కి వచ్చేస్తుంది. మంచు గడ్డకట్టిన రోడ్డయితే 35 దాటితే చాలు, జారిపోవడమే. ఈ పరిమితిని ఏ కంప్యూటరూ పెంచలేదు. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ట్రాక్షన్ కంట్రోల్ పని ఏంటి?

బురదలో దిగబడ్డ కారును మనలో చాలామంది చూసే ఉంటారు. ఒక చక్రం గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతుంటుంది. అవతలి చక్రం కదలదు. దీనికి కారణం డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ తిరగాలి. రెండింటికీ వేర్వేరు వేగాలు ఇవ్వడానికే డిఫరెన్షియల్ ఉంది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. ఒక చక్రానికి పట్టు పోతే ఇంజిన్ శక్తి అంతా ఆ చక్రాన్ని ఉత్తినే తిప్పడంలో వృథా అవుతుంది, పట్టు ఉన్న చక్రానికి అందదు.

స్పోర్ట్స్ కారుకు ఇదే ఇబ్బంది బురద లేకుండానే వస్తుంది. 500 హార్స్ పవర్ వెనక చక్రాలకు వెళ్తున్నప్పుడు మొదటి, రెండో గేర్లలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పొడి రోడ్డు మీద కూడా చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. టైరు కాస్త జారడం మంచిదే. సాధారణంగా 10 నుంచి 20 శాతం జారుడు దగ్గర టైరుకు ముందుకు తోసే పట్టు ఎక్కువగా దొరుకుతుంది. అది దాటితే పట్టు పడిపోతుంది. వెనక చక్రాలు పూర్తిగా జారితే వేగం పెరగకపోగా, కారు వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది.

ప్రతి చక్రం దగ్గరా వేగాన్ని కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. ఇంజిన్ శక్తితో తిరిగే చక్రాలు మిగతా వాటికన్నా మరీ వేగంగా తిరుగుతున్నాయని కంప్యూటర్ గమనిస్తే రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది. మీ కాలు యాక్సిలరేటర్ మీద పూర్తిగా నొక్కి ఉన్నా సరే, ఇప్పటి కార్లలో ఆ పెడల్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉన్నది కేబుల్ కాదు, కరెంటు సంకేతం. ఎంత శక్తి పంపాలో చివరికి నిర్ణయించేది కంప్యూటరే. రెండు, ఊరికే తిరుగుతున్న చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. దాంతో డిఫరెన్షియల్ అవతలి చక్రానికి శక్తి పంపక తప్పదు.

ట్రాక్షన్ కంట్రోల్ పని అంతవరకే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం ఉన్నచోటే తిరగకుండా చూస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలే లేనప్పుడు, వేగంగా వెళ్తున్న కారు మలుపులో పక్కకు జారుతుంటే దాని దగ్గర సమాధానం లేదు.

స్టెబిలిటీ కంట్రోల్: ట్రాక్టర్ నడిపేవాళ్లకు తెలిసిన కిటుకే

పొలంలో ట్రాక్టర్ నడిపినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ట్రాక్టర్‌కు బ్రేకు పెడల్స్ రెండుంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానికి, ఇంకోటి కుడి వెనక చక్రానికి. గట్టు దగ్గర చిన్న జాగాలో మలుపు తిప్పాలంటే స్టీరింగ్ తిప్పుతూ ఒకవైపు బ్రేకు మాత్రమే తొక్కుతారు. ఆ చక్రం ఆగుతుంది, ట్రాక్టర్ దాని చుట్టూ గిర్రున తిరుగుతుంది. రోడ్డెక్కగానే రెండు పెడల్స్‌నూ కలిపి కొక్కెం వేస్తారు. లేదంటే వేగంలో ఒకవైపు బ్రేకు పడి బోల్తా కొడుతుంది.

స్టెబిలిటీ కంట్రోల్ చేసేది సరిగ్గా ఇదే. ఒక్క చక్రానికి బ్రేకు వేసి మొత్తం కారును కావాల్సిన వైపు తిప్పడం. కాకపోతే ఇక్కడ రెండు కాదు, నాలుగు చక్రాలకూ విడివిడిగా బ్రేకు వేయగలదు. ఆ బ్రేకు వేసేది డ్రైవర్ కాలు కాదు, పంపు, వాల్వులు ఉన్న ఒక హైడ్రాలిక్ పెట్టె.

చక్రానికి చక్రం విడిగా బ్రేకును నియంత్రించడం 1978లోనే మొదలైంది. ఆ ఏడాది జర్మనీకి చెందిన బాష్ కంపెనీ తయారు చేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్ కారులో వచ్చింది. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూడడం దాని పని. తర్వాత ట్రాక్షన్ కంట్రోల్ వచ్చింది. 1995లో అదే రెండు కంపెనీలు ఈఎస్‌పీ పేరుతో స్టెబిలిటీ కంట్రోల్‌ను ఎస్ క్లాస్ కూపేలో తెచ్చాయి. బాష్‌లో ఈ పని చేసిన బృందానికి నాయకుడు ఆంటన్ వాన్ జాంటెన్ అనే ఇంజనీర్. 2016లో ఆయనకు జీవితకాల కృషికి గాను యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డు ఇచ్చారు.

డ్రైవర్ మనసులో మాట కారుకెలా తెలుస్తుంది?

కంప్యూటర్ రెండే ప్రశ్నలు వేసుకుంటుంది. డ్రైవర్ ఎటు వెళ్లాలనుకుంటున్నాడు? కారు నిజంగా ఎటు వెళ్తోంది?

మొదటి ప్రశ్నకు జవాబు స్టీరింగ్ ఎంత తిరిగి ఉందో కొలిచే సెన్సర్ చెబుతుంది. కారు వేగం, బ్రేకు పెడల్ మీద ఒత్తిడి, యాక్సిలరేటర్ ఎంత నొక్కి ఉంది అన్నవి కూడా కలిపి, ఈ వేగంలో స్టీరింగ్ ఇంత తిప్పితే కారు ఇంత తిరగాలి అని లెక్క కడుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు కారు మధ్య భాగంలో బిగించిన చిన్న సెన్సర్ల నుంచి వస్తుంది. బొంగరం తన ములుకు మీద తిరిగినట్టు కారు ఎంత వేగంగా తిరుగుతోందో ఒకటి కొలుస్తుంది. పక్కకు తోసే బలం ఎంతుందో ఇంకోటి కొలుస్తుంది. ఇవేవో అర్థం కాని వస్తువులు కావు. ఫోన్‌ను అటూ ఇటూ వంచి కార్ రేసు గేమ్ ఆడతారే, అప్పుడు ఆ కదలికను పసిగట్టేది ఇలాంటి చిన్న చిప్పే.

ఈ రెండు జవాబులనూ సిస్టమ్ సెకనుకు 25 సార్లు పోల్చి చూస్తుందని బాష్ చెబుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు వెళ్తుంది. అంటే సుమారు ప్రతి మీటరుకు ఒకసారి తనిఖీ జరుగుతోందన్నమాట. జారుతున్న సంగతి మనకు అర్థమై చెయ్యి కదిలేసరికి ఒక సెకను పట్టినా చాలు, కారు 28 మీటర్లు దాటిపోయి ఉంటుంది.

జారుడు రెండు రకాలు, మందు కూడా రెండు రకాలు

ఎడమ వైపు మలుపు అనుకుందాం.

మొదటి రకం: ముందు టైర్లకు పట్టు పోతుంది. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిరగదు, నేరుగా మలుపు బయటకు పోతుంటుంది. ఇప్పుడు కంప్యూటర్ ఇంజిన్ శక్తి తగ్గించి, లోపలి వైపున్న వెనక చక్రానికి, అంటే ఎడమ వెనక చక్రానికి బ్రేకు వేస్తుంది. ట్రాక్టర్ తిరిగినట్టే కారు ముక్కు ఎడమకు తిరుగుతుంది.

రెండో రకం: వెనక టైర్లకు పట్టు పోతుంది. కారు తోక బయటకు విసిరినట్టు వెళ్తుంది, కారు అనుకున్నదానికన్నా ఎక్కువ తిరిగిపోతుంది. ఇది ఇంకా ప్రమాదకరం. ఇప్పుడు బయటి వైపున్న ముందు చక్రానికి, అంటే కుడి ముందు చక్రానికి బ్రేకు పడుతుంది. దాంతో కారు ముక్కు మళ్లీ కుడికి లాగబడి గింగిరాలు తిరగడం ఆగుతుంది.

ఈ రెండూ మనిషి చేయలేని పనులు. ఎంత గొప్ప డ్రైవరైనా అతని కాలు కింద బ్రేకు పెడల్ ఒక్కటే ఉంటుంది. తొక్కితే నాలుగు చక్రాలకూ పడుతుంది.

స్పోర్ట్స్ కార్లలో రెండో రకం జారుడు ఎక్కువ. ఇంజిన్ శక్తి వెనక చక్రాలకు వెళ్లడం ఒక కారణం. ఇంకోటి బరువు. పోర్షే 911 లాంటి కారులో ఇంజిన్ వెనక చక్రాల కన్నా వెనక్కి ఉంటుంది. మలుపులో వేగంగా వెళ్తూ, భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందుకు వాలుతుంది. వెనక టైర్ల మీద భారం తగ్గి పట్టు సడలుతుంది. బరువైన తోక బయటకు వచ్చేస్తుంది. మామూలు కారులో అలవాటైన "భయమేస్తే కాలు తీసెయ్" అన్న పద్ధతే ఇక్కడ ప్రాణం మీదకు తెస్తుంది. ఆ 911కు స్టెబిలిటీ కంట్రోల్ 1998లో కరెరా 4 మోడల్‌తో వచ్చింది.

ఆడి టీటీ నేర్పిన పాఠం

1998లో జర్మనీలో ఆడి టీటీ అనే అందమైన చిన్న స్పోర్ట్స్ కారు మార్కెట్లోకి వచ్చింది. కొద్దికాలంలోనే అక్కడి ఆటోబాన్ హైవేల మీద అతి వేగంలో, హఠాత్తుగా లేన్ మారినప్పుడు అవి అదుపు తప్పి ప్రాణాలు పోయిన ఘటనలు వరుసగా బయటపడ్డాయి.

లేన్ మారడంలో అంత ప్రమాదం ఏముంది? ఎదురుగా ఏదో అడ్డొస్తే స్టీరింగ్ ఒకవైపు లాగుతాం, వెంటనే రెండో వైపు తిప్పి సర్దుకుంటాం. మొదటి కుదుపులో కారు ఒక పక్కకు ఒరుగుతుంది. అది సర్దుకోకముందే రెండో కుదుపు పడుతుంది. రెండు ఊపులూ కలిసి వెనక భాగాన్ని విసిరేస్తాయి. ప్రాణం తీసేది ఎక్కువగా ఆ రెండో తిప్పుడే.

చివరికి కంపెనీ కార్లను వెనక్కి పిలిపించింది. మూడు మార్పులు చేసింది. సస్పెన్షన్ మార్చింది. అతి వేగంలో గాలి వెనక భాగాన్ని పైకి లేపకుండా డిక్కీ మీద చిన్న స్పాయిలర్ పెట్టింది. ఈఎస్‌పీ చేర్చింది. ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఎలక్ట్రానిక్స్ ఒక్కదానితో సరిపెట్టలేదు. కారు ఒళ్లు సరిగా ఉంటేనే కంప్యూటర్ దాన్ని కాపాడగలదు.

అంతకు ముందు 1997లో స్వీడన్‌లో ఒక మోటార్ పత్రిక చేసిన ఇలాంటి లేన్ మార్పు పరీక్షలోనే మెర్సిడెస్ చిన్న కారు ఏ క్లాస్ బోల్తా కొట్టింది. ఆ తర్వాతే ఆ చిన్న కారుకు కూడా ఈఎస్‌పీని తప్పనిసరిగా ఇవ్వడం మొదలైంది. లగ్జరీ కార్లకే పరిమితమైన వస్తువు మామూలు జనం దగ్గరికి రావడానికి అది పెద్ద మలుపు.

స్పోర్ట్ మోడ్, ట్రాక్ మోడ్ అంటే?

స్టెబిలిటీ కంట్రోల్ ఎంత తొందరగా కల్పించుకోవాలన్నది కంపెనీ నిర్ణయించే విషయం. కుటుంబ కారులో కొద్దిగా జారగానే బ్రేకు పడుతుంది. స్పోర్ట్స్ కారు కొనేవాళ్లకు ఇది నచ్చదు, "కారు నన్ను నడపనివ్వట్లేదు" అంటారు. అందుకే మోడ్‌లు వచ్చాయి. ఫెరారీ 2004లో ఎఫ్430 కారు స్టీరింగ్ మీదే 'మనెటినో' అనే చిన్న మీట పెట్టింది. జారే రోడ్డుకు ఒకటి, స్పోర్ట్‌కు ఒకటి, రేసుకు ఒకటి, అన్నీ ఆపేయడానికి ఒకటి. మోడ్ మారిన కొద్దీ కంప్యూటర్ ఎక్కువ జారుడును సహిస్తుంది, ఆలస్యంగా కల్పించుకుంటుంది.

స్పోర్ట్ మోడ్ పెడితే కారుకు పట్టు పెరిగిందని పొరపాటు పడొద్దు. పెరిగింది మీ మీద బాధ్యత మాత్రమే.

ఫార్ములా వన్‌లో 2008 నుంచి ట్రాక్షన్ కంట్రోల్‌ను నిషేధించారు. అక్కడ కారు కాలి కింద జారకుండా చూసుకోవడం డ్రైవర్ నైపుణ్యానికే పరీక్ష. కానీ ఆ ట్రాక్ మీద ఎదురుగా లారీ రాదు, స్కూలు పిల్లలు రోడ్డు దాటరు.

ఆఫ్ బటన్ ఎందుకిచ్చారు మరి?

ఇసుకలోనో బురదలోనో దిగబడినప్పుడు చక్రం కాస్త గట్టిగా తిరిగితేనే బయటపడుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆ శక్తిని కోసేస్తుంది కాబట్టి కారు కదలదు. గల్ఫ్‌లో ఎడారిలో బండి నడిపే మనవాళ్లకు ఇది అనుభవమే. అలాంటప్పుడు ఆపి, బయటపడగానే మళ్లీ ఆన్ చేయాలి. చాలా కార్లలో ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అదే ఆన్ అవుతుంది.

రోడ్డు మీద విన్యాసాల కోసం ఇచ్చిన బటన్ కాదది. సౌదీలో 'తఫ్హీత్' పేరుతో కార్లను అడ్డంగా జారించడం శిక్షపడే నేరం. మన దగ్గర కూడా పెళ్లి ఊరేగింపుకో, ఒక్కరోజు సరదాకో ఖరీదైన కారు అద్దెకు తెచ్చి, అర్ధరాత్రి రీల్స్ కోసం ఆ బటన్ నొక్కేవాళ్లున్నారు. రోజూ చిన్న కారు నడిపే చేతికి 500 హార్స్ పవర్ ఒక్కసారిగా అందితే, తప్పు దిద్దుకునే సమయం కూడా దొరకదు.

మన కారుకూ ఇవే సూత్రాలు

అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరప్‌లో 2014 చివరి నుంచి కొత్త కార్లన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. వేరే వాహనం ప్రమేయం లేకుండా కారు తనకు తానే అదుపు తప్పే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు దీనివల్ల దాదాపు సగానికి తగ్గిందని అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ లెక్కగట్టింది. మన దేశంలో 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ రేటింగ్‌లో మూడు స్టార్లు, ఆపైన రావాలంటే ఇది ఉండాల్సిందే. కొనేటప్పుడు సన్‌రూఫ్ ఉందా అని అడిగే ముందు, మీరు తీసుకునే వేరియంట్‌లో ఈఎస్‌సీ ఉందా అని అడగండి. ట్రాక్షన్ కంట్రోల్ ఉంది సార్ అని జవాబు వస్తే, అది వేరు, ఇది వేరు అని ఇప్పుడు మీకు తెలుసు.

నడిపేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి ఇవి:

డాష్‌బోర్డు మీద కారు బొమ్మ, కింద రెండు వంకర గీతలు ఉన్న లైటు మిణుకుమిణుకుమంటే సిస్టమ్ పని చేస్తోందని, టైర్లు పరిమితికి వచ్చాయని అర్థం. వేగం తగ్గించండి. ఆగకుండా వెలుగుతూనే ఉంటే లోపం ఉన్నట్టు, మెకానిక్‌కు చూపించండి. 'ఆఫ్' అని కనిపిస్తే ఎవరో బటన్ నొక్కారు.

కారు జారుతున్నప్పుడు ఎటు వెళ్లాలో అటే చూడండి, స్టీరింగ్ అటే పట్టండి. ఎందుకంటే మీ ఉద్దేశం ఏంటో కంప్యూటర్ స్టీరింగ్‌ను చూసే తెలుసుకుంటుంది. గుద్దబోయే చెట్టు వైపు చూస్తే చేతులు అటే తిరుగుతాయి, కంప్యూటర్ కూడా అటే సాయం చేస్తుంది.

టైర్లు చూసుకోండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే మార్చాల్సిందే. గాడి బాగున్నా వయసు కూడా ముఖ్యమే. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. పాల్ వాకర్ ప్రయాణించిన కారు టైర్ల వయసు తొమ్మిదేళ్లు అన్న విషయం మరిచిపోవద్దు. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం కావాల్సిన చోట వేర్వేరు టైర్లు వేస్తే చక్రాల వేగం లెక్కలు కూడా తప్పుతాయి.

స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న పట్టును నాలుగు చక్రాల మధ్య తెలివిగా పంచగలదు, లేని పట్టును తెచ్చిపెట్టలేదు. 80 దాటకూడని తడి మలుపులోకి 120తో వెళ్తే సెకనుకు 25 సార్లు లెక్క చూసినా అన్నిసార్లూ వచ్చే జవాబు ఒకటే. ఆ మలుపు రాకముందే బ్రేకు వేయాల్సింది మాత్రం డ్రైవరే.